నది దాటితే కాలేజీ

బ్రహ్మపుత్ర బంగ్లాదేశ్‌లో అడుగుపెట్టే జిల్లా కురిగ్రామ్. అక్కడి లంకల్లో పుట్టిన పిల్ల ఇంటర్ చదవాలంటే పడవెక్కాలి, లేదంటే పట్నంలో మెస్సు గదిలో తల దాచుకోవాలి. ఫలితాల్లో సున్నా తెచ్చుకున్న పల్లె కాలేజీలను మూసేయాలంటున్నవాళ్లు ముందు ఆ దారి చూడాలి.

2025 అక్టోబరు 16న బంగ్లాదేశ్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. ఆ పరీక్షను అక్కడ హెచ్‌ఎస్‌సీ అంటారు. పాసైనవాళ్లు నూటికి 58.83 మంది. అంతకు ముందటేడు ఇదే లెక్క 77.78. ఒక్కరంటే ఒక్కరు కూడా గట్టెక్కని విద్యాసంస్థలు 202 తేలాయి. మార్కులు ఉదారంగా వేయడం మానేశామని, ఇప్పుడు కనిపిస్తున్నదే అసలు రూపమని అధికారులు చెప్పారు. ఆ వెంటే పాత ప్రశ్న మళ్లీ లేచింది: ఒక్కరు కూడా పాసు కాని కాలేజీలు ఎందుకు, మూసేస్తే సరిపోదా?

ఢాకాలో కూర్చుని అడిగితే అది న్యాయమైన ప్రశ్నలాగే వినిపిస్తుంది. కురిగ్రామ్ పటం ముందు పెట్టుకుని అడిగితే అలా వినిపించదు.

దేశానికి ఉత్తరపు కొసన, మన అస్సాం, మేఘాలయ, పశ్చిమ బెంగాల్‌లను ఆనుకుని ఉంటుంది ఆ జిల్లా. బ్రిటిష్ హయాంలో, 1875లో, రంగ్‌పూర్ కింద సబ్‌డివిజన్ అయింది. జిల్లాగా మారింది 1984లో. జనాభా సుమారు 23 లక్షలు. 2016లో జరిగిన కుటుంబ ఆదాయ వ్యయాల సర్వేలో పేదరికం ఇక్కడ 70.8 శాతం అని తేలింది, దేశంలోకెల్లా ఎక్కువ. తొమ్మిది ఉపజిల్లాల్లో రెండు, రౌమారి, రాజీబ్‌పూర్, బ్రహ్మపుత్రకు అవతలి ఒడ్డున ఉన్నాయి. వాటికి జిల్లా కేంద్రం ఇవతలి ఒడ్డున ఉంది. మధ్యలో వంతెన లేదు.

ఇసుక, నీళ్లు, మళ్లీ ఇసుక

నది మధ్య మేట వేసిన నేలను అక్కడ చర్ అంటారు, గోదావరి జిల్లాలవాళ్లు లంక అంటారు. కురిగ్రామ్‌లో అలాంటివి వందల్లో ఉన్నాయి. ఏ లంక ఎన్నాళ్లుంటుందో చెప్పడం కష్టం. ఒక వానాకాలంలో నది ఒరుసుకుంటూ వచ్చి ఊరి సగాన్ని లాక్కుపోతుంది, కొన్నాళ్లకు మరోచోట ఇసుక తేలుతుంది. అందుకే ఇళ్లు రేకులవి. ఒడ్డు కోసుకుపోతోందని తెలియగానే రేకులూ వాసాలూ విప్పి పడవలో వేసుకుని వేరే లంకకు వెళ్లిపోతారు. ఫ్రెండ్‌షిప్ అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రాంతపు లంకల్లో నడిపే బడులను కూడా అలాగే, విప్పి మోసుకుపోగలిగేలా కట్టింది.

బడిని మోసుకుపోవచ్చు. కాలేజీని మోసుకుపోలేం. భౌతికశాస్త్రం ల్యాబు, పరీక్షా కేంద్రం, పాతికమంది అధ్యాపకులు, బోర్డు గుర్తింపు, ఇవన్నీ స్థిరమైన నేల మీదే నిలబడతాయి. కాబట్టి లంకలో ప్రాథమిక పాఠశాల ఉంటుంది, కొన్నిచోట్ల హైస్కూలూ ఉంటుంది. పదో తరగతి తరువాత చదువు మాత్రం గట్టు మీద ఉంటుంది.

వానాకాలంలో ఆ గట్టుకు చేర్చేది షాలో పడవ. పొలంలో నీళ్లు తోడే డీజిలు ఇంజన్‌ను నాటు పడవకు బిగిస్తే అదే షాలో. జనం, మేకలు, ఎరువు బస్తాలు, మోటారు సైకిళ్లు, కాలేజీ పిల్లలు, అంతా అందులోనే. ఇంజన్ మోతలో పక్క మనిషి మాట కూడా వినపడదు. చలికాలం వచ్చి నీళ్లు తగ్గితే ప్రయాణం ఇంకా పొడవవుతుంది. పాయకూ పాయకూ మధ్య మైళ్ల కొద్దీ ఇసుక, దాని మీద గుర్రపు బండి, బండి దొరక్కపోతే నడక, ఆ తరువాత ఇంకో పడవ. 2023లో ఇవతలి ఒడ్డున ఉన్న చిల్మారికీ అవతలి రౌమారికీ మధ్య ఫెర్రీ మొదలైంది. లోతు తగ్గితే అదీ ఆగిపోతుంది. మధ్యాహ్నం చివరి క్లాసు దాకా కూర్చున్న పిల్లకు ఆఖరి పడవ దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడ హాజరు పట్టీలో కనిపించే గైర్హాజరుకు సగం కారణాలు నదిలో ఉన్నాయి.

పైగా చదువుల పంచాంగమూ నది పంచాంగమూ ఒకదానికొకటి పడవు. పదో తరగతి ఫలితాల తరువాత ఇంటర్ ప్రవేశాలు, తొలి క్లాసులు సాధారణంగా జూలై, సెప్టెంబరు నెలల మధ్య జరుగుతాయి. వరదలు వచ్చేదీ అప్పుడే. 2017లో, 2020లో ఈ జిల్లా ఊళ్లకు ఊళ్లు మునిగింది ఆ నెలల్లోనే. వరద తీసిన వెంటనే వచ్చేది మంగా. వరి కోతకు ముందు, ఆశ్వయుజ కార్తీకాల్లో, పొలంలో పనీ ఇంట్లో గింజా లేని కాలానికి రంగ్‌పూర్ ప్రాంతం పెట్టుకున్న పేరది. 1974 కరువు అతి ఘోరంగా కొట్టింది ఈ రంగ్‌పూర్ ప్రాంతాన్నే. అమర్త్య సేన్ కరువుల మీద రాసిన పుస్తకంలో ఈ ప్రాంతం ఒక అధ్యయన స్థలం. త్వరగా పండే వరి వంగడాలు వచ్చాక, మగవాళ్లు ఢాకా వైపు వలస పోవడం అలవాటయ్యాక మంగా చాలావరకు మెత్తబడింది. అయినా ఆ నెలల్లో ఇంట్లో చేతిలో డబ్బుండదు. సరిగ్గా అప్పుడే కాలేజీ చేరిక రుసుము, పుస్తకాలు, గది అడ్వాన్సు మీద పడతాయి.

మీల్ పుస్తకం

రోజూ నది దాటలేని కుర్రాళ్లు పట్నంలో మెస్సులో చేరతారు. కురిగ్రామ్‌లోనో రంగ్‌పూర్‌లోనో కాలేజీ చుట్టుపక్కల సందుల్లో రేకుల కప్పు గదులు, గదికి ఇద్దరో ముగ్గురో, అందరికీ కలిపి ఒక చేతిపంపు. ప్రభుత్వ కాలేజీల్లో హాస్టలు సీట్లు కొన్నే. బంగ్లాదేశ్ పల్లె విద్యార్థి జీవితం తెలుసుకోవాలంటే క్లాసు గది కంటే ముందు ఈ మెస్సును చూడాలి.

మెస్సులో నెలకొకరు మేనేజరు. బజారుకెళ్లి సరుకులు తేవడం, లెక్క రాయడం అతని పని. వంట చేసిపెట్టే ఆవిడను అందరూ ఖాలా అని పిలుస్తారు, అంటే పిన్ని. గోడకు వేలాడే పుస్తకంలో ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఆ రోజు ఎన్ని పూటలు తిన్నాడో రాస్తారు. చాలా మెస్సుల్లో పొద్దుటిది సగం మీలు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. నెలాఖరున మొత్తం ఖర్చును మొత్తం మీళ్లతో భాగిస్తే వచ్చేది మీల్ రేటు. ఇంటి నుంచి బియ్యం మూట తెచ్చుకున్నవాడికి ఆ మేరకు తగ్గింపు. డబ్బు అందని వారంలో కుర్రాడు ముందురోజు రాత్రే మేనేజరుకు చెప్పేస్తాడు, రేపు నా మీలు బంద్ అని. కారణం ఎవరూ అడగరు. ఎవరింట్లో పరిస్థితి ఎలా ఉందో ఆ పుస్తకం చూస్తే తెలిసిపోతుంది.

ఖర్చు పూడ్చుకునే మార్గం ట్యూషన్. సాయంత్రం సైకిలేసుకుని వెళ్లి ఏ వ్యాపారి ఇంట్లోనో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతారు. నెలకు వచ్చే ఆ కొద్దిపాటి డబ్బుతోనే తమ డిగ్రీ గడవాలి. సెలవులకు ఇంటికి వెళ్లకుండా ఢాకా వెళ్లి రిక్షా తొక్కేవాళ్లు, వరికోతలకు దక్షిణాది జిల్లాలకు పోయేవాళ్లు ఉన్నారు. ఆడపిల్లలకు ఈ దారి ఇంకా ఇరుకు. మెస్సులో ఉంచడానికి తండ్రి భయపడతాడు, ఊరేమంటుందోనని తల్లి భయపడుతుంది. అందుకే ఇంటికి దగ్గర్లో ఒక కాలేజీ ఉండటం మగపిల్లవాడికి సౌకర్యమైతే ఆడపిల్లకు చదువే.

కాలేజీ నడిచి వచ్చిన దారి

ఇంటర్ చదువును బడిలో కాకుండా కాలేజీలో చెప్పడం మనకూ వాళ్లకూ ఉన్న పోలిక. విశ్వవిద్యాలయ చదువు కంటే ముందు రెండేళ్ల ఇంటర్మీడియట్ కాలేజీ వేరుగా ఉండాలని 1917, 1919 మధ్య పనిచేసిన శాడ్లర్ కమిషన్ సిఫారసు చేసింది. 1921లో ఢాకాలో ఏర్పడిన ఇంటర్మీడియట్ బోర్డుకు మూలం అదే. దాంతో పల్లెవాళ్లకు కాలేజీ అన్నది డిగ్రీ కోసం మాత్రమే కాదు, పదకొండో తరగతి నుంచే అవసరమైంది.

ఈ ప్రాంతానికి తొలి పెద్ద కాలేజీ రంగ్‌పూర్‌లోని కార్‌మైకేల్ కాలేజీ. బెంగాల్ గవర్నరు లార్డ్ కార్‌మైకేల్ 1916లో శంకుస్థాపన చేశాడు. స్థానిక జమీందార్లు భూములూ డబ్బూ ఇచ్చారు. గుమ్మటాలతో, పొడవాటి వరండాలతో ఆ భవనం ఇప్పటికీ ఉత్తర బెంగాల్ చదువుకు గుర్తు. 1971 యుద్ధంలో కొడుకును పోగొట్టుకుని ఆ రోజుల దినచర్యను పుస్తకంగా ఇచ్చిన జహనారా ఇమామ్ ఇక్కడే ఇంటర్ చదివింది. అయితే కురిగ్రామ్ లంకల నుంచి రంగ్‌పూర్ చేరాలంటే ధర్లా నదికి అవతలివాళ్లు ముందు దాన్ని, ఆపైన తీస్తా నదిని దాటాలి. భూమున్న ఇళ్ల పిల్లలే అంతదూరం వెళ్లగలిగారు.

కురిగ్రామ్‌కు సొంత కాలేజీ వచ్చింది 1961లో. బంగ్లా సాహిత్యంలో కవిత, నవల, నాటకం మూడింటా పెద్ద పేరైన సయ్యద్ షంసుల్ హక్ ఈ పట్నంలోనే 1935లో పుట్టాడు. చదువు కోసం కుర్రతనంలోనే ఢాకా వెళ్లిపోయాడు. రంగ్‌పూర్ రైతుల తిరుగుబాటు నాయకుడు నూరుల్‌దీన్‌ను నాటకంలో మళ్లీ బతికించింది ఆయనే. 2016 సెప్టెంబరులో చనిపోయినప్పుడు ఆయన్ను కురిగ్రామ్ ప్రభుత్వ కాలేజీ ఆవరణలో ఖననం చేశారు. దేశం గర్వించే రచయిత సమాధి పక్క నుంచి లంకల పిల్లలు రోజూ క్లాసుకు వెళ్తారు.

ఇదే జిల్లా ఫూల్‌బారి ఉపజిల్లాలోని దాసియార్ ఛరా కథ వేరు. అది 2015 జూలై 31 అర్ధరాత్రి దాకా భారతదేశపు ముక్క, చుట్టూ బంగ్లాదేశ్. ఆ రాత్రి రెండు దేశాలూ ఇలాంటి భూఖండాలను మార్చుకున్నాయి. బంగ్లాదేశ్‌లో కలిసినవి 111, భారత్‌లో కలిసినవి 51. అంతకు ముందు అక్కడి పిల్లలు బడిలో చేరాలంటే బంగ్లాదేశ్ ఊళ్లోని బంధువు చిరునామా రాయాలి, కొందరు తండ్రి పేరే మార్చి రాయించుకున్నారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న తండ్రి వేరు, ఇంట్లో ఉన్న తండ్రి వేరు. సొంత పేరుతో కాలేజీలో చేరగలగడం ఆ ఊరికి పదేళ్ల కిందటి కొత్త సంగతి.

పెళ్లికీ పరీక్షకీ మధ్య

ఆడపిల్లల చదువులో బంగ్లాదేశ్ సాధించింది చిన్నది కాదు. 1982లో చాంద్‌పూర్ జిల్లా షాహ్‌రాస్తి ఉపజిల్లాలో ప్రయోగంగా మొదలైన బాలికల ఉపకార వేతనం 1994లో దేశంలోని పల్లెలన్నిటికీ విస్తరించింది. షరతులు మూడు: నూటికి 75 రోజులు హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి చేయకపోవడం. 2002 నుంచి ఇంటర్ దాకా పొడిగించారు. పెళ్లి వాయిదా వేసినందుకు ప్రభుత్వం ఇంటికి డబ్బు పంపడం అన్న ఆలోచనే గొప్పది. హైస్కూళ్లలో ఆడపిల్లల సంఖ్య మగపిల్లలను మించింది.

కానీ ఆ డబ్బు పడవ చార్జీకీ, ట్యూషన్‌కీ, పరీక్ష ఫారం నింపేటప్పుడు కట్టాల్సిన రెండు వేల టాకాల పైచిలుకు రుసుముకీ సరిపోదు. పెళ్లీడు చట్టం ప్రకారం 18. ఆ చట్టాన్ని 2017లో తిరగరాసినప్పుడు ప్రత్యేక పరిస్థితుల పేరిట ఒక వెసులుబాటు ఉంచారు. లంకల్లో ఇంకా తొందర ఎక్కువ. ఏ ఏడు ఇల్లు నదిలో పోతుందో తెలియని తండ్రి కూతురి బాధ్యత ముందే దించుకోవాలనుకుంటాడు. ఆలస్యమైతే కట్నం పెరుగుతుందన్నది రెండో లెక్క. కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా బడులూ కాలేజీలూ మూతపడ్డాయి. మళ్లీ తెరిచేసరికి కురిగ్రామ్ క్లాసుల్లో ఎన్నో బెంచీలు ఖాళీగా కనిపించాయి. ఆ పిల్లలు అత్తారిళ్లకు వెళ్లిపోయారు.

అప్పుడు వాళ్లను ఆపగలిగింది ఏముంది? రోజూ వెళ్లే చోటు మూతపడితే పెళ్లి సంబంధం ఇంట్లోకి వస్తుంది. నా మట్టుకు నాకు, కాలేజీ మూసివేత గురించిన ఏ వాదమైనా ఆ ఏడాదిన్నర అనుభవానికి సమాధానం చెప్పాలి.

వెయ్యి టాకాల ఇంటద్దె

2025 అక్టోబరులో ఫలితాలు వచ్చిన ఆ వారమే ఢాకా షహీద్ మినార్ దగ్గర వేలమంది టీచర్లు, అధ్యాపకులు బైఠాయించారు. తరువాత నిరాహారదీక్షకు దిగారు. వాళ్లంతా ఎంపీఓ ఉపాధ్యాయులు. కాలేజీ ప్రైవేటుదే, ఊరి కమిటీ నడుపుతుంది, మూల వేతనం మాత్రం నెలవారీ చెల్లింపు ఉత్తర్వు కింద ప్రభుత్వం ఇస్తుంది. మన ఎయిడెడ్ కాలేజీలకు దగ్గరి ఏర్పాటు. వాళ్లకు అప్పటిదాకా ఇస్తున్న ఇంటద్దె భత్యం నెలకు 1000 టాకాలు. హోదా ఏదైనా, ఊరేదైనా అంతే. ఇంకో 500 కలుపుతామంటే ఒప్పుకోలేదు, మూల వేతనంలో 20 శాతం కావాలన్నారు. చివరికి 15 శాతం దగ్గర తెగింది. సగం 2025 నవంబరు నుంచి, మిగతా సగం 2026 జూలై నుంచి.

వీళ్లు అదృష్టవంతులే. ఎంపీఓ జాబితాలోకి ఎక్కని కాలేజీల్లో అధ్యాపకులు ఏళ్ల తరబడి ప్రభుత్వం నుంచి ఒక్క టాకా లేకుండా చెబుతున్నారు, ఎప్పటికైనా పేరెక్కుతుందని. ఎంపీఓ కాలేజీల్లో కూడా ఆనర్స్ తరగతులకు చెప్పేవాళ్లకు ఆ జీతం వర్తించదు. 2018 ఆగస్టులో ప్రభుత్వం ఒకేసారి 271 కాలేజీలను తనలో కలుపుకుంది, ప్రభుత్వ కాలేజీ లేని ఉపజిల్లా ఉండకూడదన్న విధానంతో. బోర్డు మీద ప్రభుత్వ అన్న మాట వెంటనే చేరింది. అధ్యాపకుల ఉద్యోగాల ఖరారు మాత్రం ఏళ్ల తరబడి కాగితాల్లో నలిగింది.

ఇంటర్‌లో ఇంగ్లిషు, ఐసీటీ (సమాచార సాంకేతికత) ఏ గ్రూపు పిల్లలకైనా తప్పనిసరి. ఎక్కువమంది తప్పేది ఇంగ్లిషులోనే. ఇన్నాళ్లూ ఇంగ్లిషు చదివినవాడు వెయ్యి టాకాల ఇంటద్దె కోసం నది ఒడ్డున ఊళ్లో ఎందుకుండేవాడు? ఐసీటీ పాఠంలో ప్రోగ్రామింగ్ ఉంది, పిల్లలు దాన్ని కంప్యూటర్ ముట్టకుండా బట్టీ పడతారు.

దీనికి తోడు ప్రవేశాల పద్ధతి. 2015 నుంచి ఇంటర్ సీట్లు ఆన్‌లైన్‌లో, పదో తరగతి మార్కుల వరుసలో కేటాయిస్తున్నారు. బజారులోని కంప్యూటర్ దుకాణానికి వెళ్లి ఇష్టమైన కాలేజీల పేర్లు వరుసగా పెట్టుకోవచ్చు. పద్ధతి నిజాయితీగానే ఉంది. ఫలితం మాత్రం ఇలా ఉంది: మార్కులున్నవాళ్లు, మెస్సుకు డబ్బు కట్టగలిగినవాళ్లు రంగ్‌పూర్ వెళ్లిపోతారు. ఊరి కాలేజీకి మిగిలేది మార్కులు తగ్గినవాళ్లు, నది దాటించే స్తోమత లేనివాళ్లు, ఊరు దాటనివ్వని ఆడపిల్లలు. సున్నా వచ్చిన కాలేజీల్లో చాలావాటి నుంచి పరీక్ష రాసినవాళ్లే పట్టుమని పదిమంది ఉండరు. వాళ్లు తప్పడంలో మాస్టారి బద్ధకం ఉండొచ్చు, కాదనను. అంతకంటే ఎక్కువగా ఉన్నది ఈ వడపోత.

చదివాక

డిగ్రీ దాకా వచ్చినవాళ్లు జాతీయ విశ్వవిద్యాలయం కిందికి వస్తారు. 1992లో గాజీపూర్‌లో ఏర్పడిన ఈ సంస్థకు రెండు వేలకు పైగా అనుబంధ కాలేజీలున్నాయి, విద్యార్థులు లక్షల్లో. పాస్ కోర్సు మూడేళ్లు, ఆనర్స్ నాలుగేళ్లు. పరీక్షలూ ఫలితాలూ ఆలస్యమై నాలుగేళ్ల చదువు ఆరేడేళ్లు సాగిన కాలముంది. దానికి సెషన్ జామ్ అని పేరు. ఇప్పుడది తగ్గింది, కానీ డిగ్రీ చేతికొచ్చాక వేచి ఉండే కాలం తగ్గలేదు. కురిగ్రామ్‌లో చెప్పుకోదగ్గ పరిశ్రమ లేదు. చదువుకున్నవాడికి కనిపించేది సర్కారు కొలువొక్కటే.

2024లో ఆ దేశపు ప్రభుత్వాన్ని కూల్చిన ఉద్యమం ఉద్యోగాల కోటా మీద మొదలైంది. ఆ ఉద్యమానికి ముఖంగా మారిన అబూ సయీద్ రంగ్‌పూర్ జిల్లా పీర్‌గంజ్ పల్లెలో పేద ఇంటి బిడ్డ. రంగ్‌పూర్ ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ చదివి, బేగం రొకేయా విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు చదువుతూ, జూలై 16న పోలీసు తూటాలకు చేతులు చాచి నిలబడి చనిపోయాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లలో విశ్వవిద్యాలయం మెట్టెక్కింది అతనొక్కడే.

ఆడపిల్లలకు తెరుచుకున్న పెద్ద తలుపు ప్రాథమిక బడి టీచరు ఉద్యోగం. చాలా ఏళ్లు ఆ పోస్టుల్లో 60 శాతం మహిళలవి, ఇంటర్ పాసైతే చాలు. 2019లో డిగ్రీ తప్పనిసరి చేశారు. 2025 నిబంధనల్లో మహిళా కోటా తీసేశారు. ఉపకార వేతనంతో చదివిన అమ్మాయి తన లంక బడిలోనే టీచరమ్మ కావడమనే దారి ఇప్పుడు రెండింతలు నిటారైంది. ఇప్పుడు ఆమెకు ఇంటర్ మాత్రమే కాదు, దగ్గర్లో డిగ్రీ కూడా కావాలి.

ఊళ్లో కాలేజీ ఉండటం వల్ల కలిగే మేలు పాసు లెక్కలకు అందదు. రాజీబ్‌పూర్‌కు చెందిన తారామన్ బీబీ 1971 యుద్ధంలో ఆయుధం పట్టి పోరాడింది. 1973లో ప్రభుత్వం ఆమెకు బీర్ ప్రతీక్ పురస్కారం ప్రకటించింది. ఆ సంగతి ఆమెకు ఇరవై రెండేళ్లు తెలియదు. ఇళ్లలో పనిచేసుకుంటూ, క్షయతో బాధపడుతూ లంకలో బతికింది. 1995లో ఆమెను వెతికి పట్టుకున్నది మైమెన్‌సింగ్ ఆనందమోహన్ కాలేజీ అధ్యాపకుడు బిమల్‌కాంతి దే. ఆయనకు దారి చూపింది రాజీబ్‌పూర్ కాలేజీలోని అధ్యాపకుడు. గెజిట్‌లో అచ్చయిన పేరుకూ లంకలో బతుకుతున్న మనిషికీ మధ్య తెగిన తీగను కలిపింది ఒక పల్లె కాలేజీ మాస్టారు. పాసు శాతం చూసి ఆ కాలేజీకి విలువ కట్టేవాళ్లు ఈ పనిని ఏ గడిలో రాస్తారు?

కాబట్టి 202 సంస్థలను ఒకే గాటన కట్టకూడదు. నడిచి వెళ్లగలిగే దూరంలో మరో కాలేజీ ఉన్నచోట రెండింటినీ కలపొచ్చు, పిల్లలకు నష్టం లేదు. మధ్యలో నది ఉన్నచోట కలపడమంటే చదువు ఆపించడమే. అక్కడ చేయాల్సిన పనులు తెలిసినవే: ఒక ఇంగ్లిషు అధ్యాపకుడు, ఆయన ఆ ఊళ్లోనే ఉండేలా క్వార్టరు, ఆడపిల్లలకు కాలేజీ ఆవరణలోనే హాస్టలు, క్లాసుల వేళకు తగ్గట్టు సర్కారు ఖర్చుతో ఒక పడవ. కురిగ్రామ్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 2021లో పార్లమెంటు చట్టం చేసింది. అందులోకి లంకల పిల్లలు చేరాలంటే ముందు రౌమారిలో, రాజీబ్‌పూర్‌లో సైన్సు గ్రూపు బతికుండాలి, ల్యాబుకు తాళం తీసే మాస్టారు నెలనెలా జీతం తీసుకోవాలి.